ఐరన్ మాత్రలు, ఐరన్ సెలైన్: పర్లాకిమిడి మందుల షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో, బస్టాండుకి నడిచే దూరంలో మా మందుల షాపు. చీటీ ఒడియా డాక్టరుగారు రాస్తారు, మందు పేరు ఇంగ్లీషులో ఉంటుంది, అనుమానాలు మాత్రం నా దగ్గరికి తెలుగులో వస్తాయి. పాతపట్నం నుంచి, కాశీనగరం నుంచి, కొండ ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఐరన్ గురించి అడిగినంతగా ఇంకే మందు గురించీ అడగరు. అడిగేవాళ్ళతో పెద్దగా బాధ లేదు. అడక్కుండా మాత్రలు తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక పడేసేవాళ్ళతోనే బాధంతా. వాళ్ళ కోసమే ఇది రాశాను. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. మోతాదు మార్చాలంటే మీ డాక్టరునో ఏఎన్‌ఎంనో అడిగే మార్చండి.

మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి మలం నల్లగా వస్తోంది. లోపల రక్తం పోతోందా?

చాలామంది విషయంలో కాదు. మాత్రలో ఉన్న ఐరన్ అంతా ఒంటికి పట్టదు. పేగు తీసుకోగా మిగిలింది మలంతో పోతూ నల్లగానో, ముదురు ఆకుపచ్చగానో కనిపిస్తుంది. మీరు మాత్ర నిజంగానే వేసుకుంటున్నారనడానికి అది గుర్తు. నేనైతే "నల్లగా వస్తోందా అమ్మా?" అని నేనే ముందు అడుగుతాను. "లేదే" అన్నారంటే మాత్రలు ఇంట్లో ఎక్కడో భద్రంగా ఉన్నాయనుకుంటాను.

భయపడాల్సిన నలుపు వేరే ఉంది. అది తారులా జిగటగా ఉంటుంది, నీళ్ళు పోసినా సులువుగా వదలదు, కంపు భరించలేం. దానితో పాటు కళ్ళు తిరగడం, కడుపులో కోసినట్టు నొప్పి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులకని నెలల తరబడి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మింగే పెద్దవాళ్ళు ఈ తేడాని తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళకి రక్తం తగ్గడానికి కారణం కడుపులో పుండే కావచ్చు.

"అప్పా (అక్కా), ఈ మాత్ర ఏస్తే కడుపులో తిప్పేస్తోంది." ఆపేయమంటారా?

ఆపొద్దు, వేసుకునే పద్ధతి మార్చండి. వికారం, పొట్ట పైభాగంలో నొప్పి, మలబద్ధకం, కొందరికి విరేచనాలు, నోట్లో ఇనప రుచి మామూలుగా కనిపించేవే. మాత్రలో అసలు ఐరన్ ఎంతుందన్న దాన్ని బట్టి ఇవి పెరుగుతాయి, తగ్గుతాయి. పొట్లం మీది పెద్ద అంకెని చూసి మోసపోకండి. ఫెర్రస్ సల్ఫేట్ 200 మి.గ్రా. మాత్రలో అసలు ఐరన్ 65 మి.గ్రా. మాత్రమే. బయట ఎక్కువగా రాసే ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రల మీద 100 అని ఉంటే చాలా కంపెనీల లెక్కలో అది అసలు ఐరనే. సర్కారీ ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. "సర్కారీ మాత్ర పడటం లేదు, మంచిది ఇవ్వండి" అంటూ ఖరీదైన 100 మాత్ర కొనుక్కెళ్ళినవాళ్ళు వారం తిరక్కుండా ఇంకా ఎక్కువ వికారంతో తిరిగొస్తే తప్పు మాత్రది కాదు.

ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి బాగా పడుతుందన్నది నిజమే. అయితే వాంతి చేసుకున్న మాత్ర ఏమీ పట్టదు కదా. తట్టుకోలేనివాళ్ళు రాత్రి భోజనం అయిన గంటకో రెండు గంటలకో వేసుకుని పడుకోవచ్చు. నిద్రలో వికారం తెలియదు. అప్పటికీ కుదరకపోతే కొద్దిగా తిన్నాక వేసుకోండి. కొంత తక్కువ పట్టినా నష్టం లేదు, మానేయడం కంటే అదే నయం. మలబద్ధకానికి నీళ్ళు, ఆకుకూర, బొప్పాయి పెంచండి. గర్భిణీలు విరేచనాల మందు సొంతంగా కొనుక్కోకండి.

రోజు విడిచి రోజు వేసుకుంటే చాలని ఎవరో చెప్పారు. నిజమేనా?

ఇందులో నిజం ఉంది, అందరికీ వర్తించదు అంతే. మన కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది. అసలు ఐరన్ 60 మి.గ్రా. లేదా అంతకు మించి వేసుకుంటే హెప్సిడిన్ పెరిగి, దాదాపు ఒక రోజంతా పేగు ఐరన్‌ని లోపలికి సరిగ్గా రానివ్వదు. మర్నాడు వేసుకున్న మాత్రలో పట్టేది తక్కువ, పేగులో మిగిలి ఇబ్బంది పెట్టేది ఎక్కువ. అందుకే కడుపు తట్టుకోలేనివాళ్ళకి, రక్తం ఓ మోస్తరుగా తగ్గినవాళ్ళకి ఇప్పుడు చాలామంది డాక్టర్లు రోజు విడిచి రోజు రాస్తున్నారు. ఒకే రోజు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకున్నా ఇదే లెక్క. రెట్టింపు వేసుకున్నంత మాత్రాన రక్తం రెట్టింపు వేగంతో పెరగదు.

గర్భిణీల సంగతి వేరు. సర్కారు కార్యక్రమంలో నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మళ్ళీ 180 రోజులు. ఆ వరస మీ అంతట మీరు మార్చకండి. పడటం లేదని మమతా దివస్ (ఊళ్ళో తల్లీపిల్లలకి ఆరోగ్య సేవలందించే రోజు) నాడు ఏఎన్‌ఎం దీదీకి చెప్పండి. ఒడియా రాదని చెప్పడం మానేయొద్దు. రక్తహీనత అన్న మాట ఇటూ అదే, అటూ అదే.

టీతో వేసుకోవచ్చా? చోడి (రాగి) అంబలితో?

టీ, కాఫీ అస్సలు వద్దు. మాత్రకి ముందు గంట, తర్వాత రెండు గంటలు టీ ముట్టకండి. మా వైపు పొద్దున్నే బ్రెడ్డు ముక్క టీలో ముంచుకుని, ఆ టీతోనే మాత్ర మింగడం అలవాటు. ఆరు నెలలు మింగినా హెచ్‌బి (రక్తంలో హిమోగ్లోబిన్) కదలని ఒకావిడని రోజంతా ఏం చేస్తారో చెప్పమన్నాను. తీరా చూస్తే మాత్ర వేసుకున్న ప్రతిసారీ చేతిలో టీ గ్లాసే ఉంది.

చోడి అంబలి మంచి తిండే, అందులో ఐరన్ కూడా ఉంది. కాకపోతే కాల్షియం, ఐరన్‌ని పట్టి ఉంచే ఫైటేట్లు కూడా ఎక్కువే. అంబలి పొద్దున తాగండి, మాత్ర రాత్రికి పెట్టుకోండి. పాలు, పెరుగు కూడా అంతే. మాత్రతో పాటు నిమ్మకాయ నీళ్ళు తాగితే మేలు.

గర్భిణీలకి ఐరన్‌తో పాటు కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు. రెండూ ఒకే గుప్పిట్లో పోసుకుని మింగేవాళ్ళే ఎక్కువ. కాల్షియం భోజనంతో, ఐరన్ విడిగా, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటల ఎడం కావాలి. గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవాళ్ళకి, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడేవాళ్ళకి కూడా ఐరన్‌తో పేచీ ఉంది. కొనేటప్పుడు మిగతా మందులేమిటో కౌంటర్ దగ్గరే చెప్పండి.

అత్తారిల్లు ఆంధ్రాలో, పుట్టిల్లు ఒడిశాలో. రెండు చోట్లా మాత్రలిచ్చారు. రెండూ వేసుకోవాలా?

వద్దు. ఇది సరిహద్దు ఊళ్ళలోనే వచ్చే ప్రశ్న. పాతపట్నం వైపు ఆశా ఇచ్చింది ఒక సంచిలో, పురిటికి పుట్టింటికి వచ్చాక ఇక్కడి దీదీ ఇచ్చింది ఇంకో సంచిలో. రెండూ అవే మాత్రలు. రెండు కార్డులూ ఒకచోట పిన్ను చేసి ఎక్కడికెళ్ళినా చూపించండి. ఒక సంచి అయ్యాకే రెండోది తెరవండి.

ఒడియా అక్షరాలు రాని పెద్దవాళ్ళు రంగు చూసి ఆనవాలు పట్టొచ్చు. ఎరుపు గర్భిణీలకి, బాలింతలకి. నీలం బడికెళ్ళే పెద్ద పిల్లలకి వారానికొకటి. గులాబీ రంగుది 5 నుంచి 9 ఏళ్ళ చిన్నపిల్లలకి, అదీ వారానికొకటే. పిల్లది కదా అని ఎర్ర మాత్ర విరిచి సగం పెట్టడం చూశాను. అలా చేయకండి.

బిడ్డ నల్లగా పుడతాడట, లావైపోయి కాన్పు కష్టమవుతుందట?

మాత్ర నలుపు చేసేది మలాన్ని ఒక్కదాన్నే. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో మామూలుగా పోయే రక్తమే ప్రాణం మీదికి తెస్తుంది. నాకు తెలిసి అంతకన్నా కష్టమైన కాన్పు లేదు.

సిరప్ పోస్తే పాప పళ్ళు నల్లబడ్డాయి.

పైపైన అంటే మరక, పోతుంది. నాలుక వెనక వైపు డ్రాపర్‌తో వేసి, పైన నీళ్ళు పట్టండి.

బాబు ఎర్ర మాత్రలు చాక్లెట్లనుకుని మింగేశాడు. కాసేపు వాంతులయ్యాయి, ఇప్పుడు ఆడుకుంటున్నాడు. ఏం ఫర్వాలేదు కదా?

ఫర్వా ఉంది. చదవడం ఇక్కడే ఆపి ఆసుపత్రికి బయల్దేరండి. 108కి ఫోన్ చేయండి, అటైనా ఇటైనా అదే నంబరు.

మిగతావాళ్ళ కోసం లెక్క చెప్తాను. ఒంటి బరువులో కిలోకి 20 మి.గ్రా. అసలు ఐరన్ దాటితే విషం లక్షణాలు మొదలవుతాయి, 60 దాటితే ప్రాణాపాయం. పది కిలోల పిల్లాడు పది ఎర్ర మాత్రలు మింగితే 600 మి.గ్రా., అంటే సరిగ్గా కిలోకి 60. నాలుగు మాత్రలకే మొదటి గీత దాటేస్తాడు. ముందు వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి రక్తం. తర్వాత కొన్ని గంటలు తేరుకున్నట్టు కనిపిస్తాడు. అందరూ మోసపోయేది అక్కడే. ఆ సమయంలో లోపల కాలేయం దెబ్బతింటూ ఉండొచ్చు. ఉప్పు నీళ్ళు, చింతపండు నీళ్ళు పట్టి వాంతి చేయించకండి. బొగ్గుపొడి కూడా ఐరన్‌ని పట్టదు. డెఫెరాక్సమిన్ అనే విరుగుడు ఉంది, అది పెద్దాసుపత్రిలో చేయాల్సిన వైద్యం. ఇక్కడి నుంచైతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, శ్రీకాకుళమో, విశాఖ కేజీహెచ్‌కో పంపుతారు. దగ్గరున్న ఆసుపత్రిలో ముందు సెలైన్ పెట్టించాకే ఆ ప్రయాణం. ఖాళీ పొట్లం వెంట తీసుకెళ్ళండి, ఎన్ని పోయాయో దాన్నిబట్టి లెక్కేస్తారు.

ఐరన్ సెలైన్ ఎవరికి? అది ఎక్కిస్తే రక్తం ఎక్కించినట్టేనా?

కాదు. రక్తం ఎక్కిస్తే హెచ్‌బి ఆ పూటే పెరుగుతుంది. ఐరన్ ఎక్కిస్తే ఒళ్ళు దానితో సొంతంగా రక్తం తయారుచేసుకోవడానికి వారాలు పడుతుంది. మాత్రలు నిజంగా పడనివాళ్ళకి, వేసుకున్నా పెరగనివాళ్ళకి, నెలసరిలో విపరీతంగా రక్తం పోయేవాళ్ళకి, ఏడెనిమిది నెలలు నిండాక రక్తం తక్కువుందని బయటపడ్డ గర్భిణీలకి సెలైన్ రాస్తారు. మొదటి మూడు నెలల్లో ఇవ్వరు. గర్భిణీకి హెచ్‌బి 7 కంటే తక్కువుంటే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క, అప్పుడు పెద్దాసుపత్రిలోనే నిర్ణయిస్తారు.

మా వైపు కనిపించేవి రెండు. ఐరన్ సుక్రోజ్‌ని ఒక్కోసారి 200 మి.గ్రా. చొప్పున, 100 మి.లీ. సెలైన్‌లో కలిపి, రోజు విడిచి రోజు ఎక్కిస్తారు. నాలుగైదు సార్లు తిరగాలి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్‌ని ఎఫ్‌సీఎం అంటారు. ఒకేసారి 1000 మి.గ్రా. వరకు పావుగంటలో వెళ్ళిపోతుంది, ఖరీదు ఎక్కువ. కొండ మీది నుంచి బస్సు చార్జీ పెట్టుకుని, కూలి పోగొట్టుకుని అయిదుసార్లు రావాల్సినవాళ్ళకి ఆ ఖరీదుది చివరికి చవకే పడుతుంది. ఎంత కావాలన్నది బరువు, హెచ్‌బి చూసి డాక్టరు లెక్కేస్తారు. పక్కింటావిడకి రెండు బాటిళ్ళు పెట్టారని మీరూ రెండు అడగకండి.

ఎక్కించేటప్పుడు ప్రాణం పోతుందని భయం. నిజంగా ఏమవుతుంది?

ఈ భయానికి ఒక కారణం ఉంది. పాతకాలంలో వాడిన ఒక రకం ఐరన్ డెక్స్‌ట్రాన్‌తో తీవ్రమైన అలర్జీలు వచ్చేవి. ఇప్పటి మందులతో అంతటి అలర్జీ చాలా అరుదు. అసలే రాదని మాత్రం ఎవరూ మాటివ్వలేరు, అందుకే అయ్యాక అరగంట కూర్చోబెడతారు. బస్సు వెళ్ళిపోతోందని ఆ అరగంట ఎగ్గొట్టకండి.

దానికంటే తరచుగా కనిపించేది వేరే ఉంది. మొదలైన కొద్ది నిమిషాల్లోనే ఛాతీ, వీపు బిగబట్టినట్టు, ముఖం వేడెక్కి ఎర్రబడినట్టు, నడుం లాగినట్టు ఉంటుంది. బీపీ పడదు, పిల్లికూతలు రావు, పెదవులు ఉబ్బవు. నర్సుకి చెప్తే బాటిల్ ఆపుతారు, చాలామందికి కాసేపట్లో అదే తగ్గుతుంది. తర్వాత డాక్టరు చూసి నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టొచ్చు. టెన్షన్‌తో వచ్చిందేమోనని ఊరుకోకండి, చెప్పండి. అలర్జీ రాకుండా ముందే ఏదో ఇంజెక్షన్ వేయమని పట్టుబట్టేవాళ్ళూ ఉన్నారు. పాతరకం అలర్జీ ఇంజెక్షన్లే మగతనిచ్చి, బీపీ తగ్గించి, ఏది మందు వల్లో ఏది రోగం వల్లో తెలియకుండా చేయగలవు.

ఊపిరాడకపోవడం, గొంతు పట్టేయడం, నాలుకో పెదవో వాయడం, ఒళ్ళంతా దద్దుర్లు, స్పృహ తప్పుతున్నట్టుండటం అసలైన ప్రమాదానికి గుర్తులు. అప్పుడు కావాల్సిన మొదటి మందు అడ్రినలిన్.

ఇంతకుముందు ఏ ఐరన్ ఇంజెక్షన్‌కైనా అలర్జీ వచ్చి ఉంటే, ఉబ్బసం ఉంటే, జ్వరంతో ఉంటే సూది పెట్టకముందే చెప్పండి.

చేతి మీద మచ్చ పడుతుందా?

పడొచ్చు. నా ఎడమ మోచేతి మడతలో ఉంది చూడండి, పాత రూపాయి బిళ్ళంత, పాలు తక్కువైన టీ రంగులో. గర్భసంచిలో గడ్డల వల్ల నాకు హెచ్‌బి 7.2కి పడిపోయినప్పుడు ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఎఫ్‌సీఎం ఎక్కించారు. సూది మోచేతి మడతలో పెట్టారు. ఫోన్ మోగితే చేయి మడిచాను. మంట మొదలైంది. నర్సుని పిలిచాను, "అయిపోవచ్చిందిలే" అంది. చూస్తుండగానే చర్మం కింద ఉబ్బి, ముదురు రంగు పాకింది. మందు నరంలోంచి బయటికి కారిందన్నమాట. ఐరన్ చర్మంలోకి చేరితే పచ్చబొట్టులాంటిదే. నెలల్లో కొంత వెలుస్తుంది, కొందరికి పూర్తిగా పోదు. నాది పోలేదు.

రోజూ ఈ మందులు అమ్మేదాన్ని, నాకే ఆ పూట గట్టిగా అరవాలని తోచలేదు. మీరు అరవండి. మంట, వాపు, బిగుతు ఏదొచ్చినా వెంటనే బాటిల్ ఆపమనండి. చేయి మడత దగ్గర కాకుండా ముంజేతి మీద పెట్టమని అడగండి. ఐరన్ వదిలే ముందు ఉత్తి సెలైన్ కొద్దిగా పోనిచ్చి నరం సరిగ్గా ఉందో లేదో చూడమనండి. పిరుదు మీద పొడిచే పాత ఐరన్ ఇంజెక్షన్లకీ ఇదే మచ్చ, పైగా విపరీతమైన నొప్పి. వాటిని ఇప్పుడు వద్దంటున్నారు.

మర్నాడు ఒళ్ళునొప్పులు, జ్వరం వచ్చాయి.

ఒకటి రెండు రోజుల్లోపు తలనొప్పి, కీళ్ళనొప్పులు, కొద్దిపాటి జ్వరం రావొచ్చు. పారాసిటమాల్‌తో సర్దుకుంటాయి. మూడు రోజులు దాటినా, చలితో జ్వరం వచ్చినా ఐరన్ మీదికి నెట్టేయకుండా మలేరియా పరీక్ష చేయించండి. గజపతి, రాయగడ, కొరాపుట్ కొండల్లో ఉంటూ చలిజ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఎఫ్‌సీఎంకి ఇంకో గుణం ఉంది, చాలామందికి తెలియదు. అది రక్తంలో ఫాస్ఫేట్‌ని తగ్గిస్తుంది. రెండు వారాలప్పుడు బాగా దిగి, ఎక్కువమందికి తెలియకుండానే సర్దుకుంటుంది. మళ్ళీమళ్ళీ ఎక్కించుకునేవాళ్ళకి నీరసం, ఎముకల నొప్పి, కాలం గడిస్తే ఎముకలు మెత్తబడటం కూడా రావొచ్చు. రక్తం పెరిగినా నీరసం పోలేదంటే ఫాస్ఫేట్ పరీక్ష గురించి డాక్టరుని అడగండి.

సికిల్ సెల్ ఉన్న పిల్లకి రక్తం తక్కువుంది. ఐరన్ ఇవ్వొచ్చా?

పరీక్ష లేకుండా ఇవ్వొద్దు. సికిల్ సెల్ జబ్బులో రక్తం తగ్గేది ఎర్ర రక్తకణాలు త్వరగా పగిలిపోవడం వల్ల. పగిలిన కణాల్లోని ఐరన్ ఒంట్లోనే ఉంటుంది. పైగా తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ళకి ఐరన్ పేరుకుపోయి గుండెని, కాలేయాన్ని పాడుచేస్తుంది. ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్షలో నిజంగా లోటు కనిపిస్తేనే డాక్టరు రాస్తారు. ట్రెయిట్ మాత్రమే ఉన్నవాళ్ళ, అంటే అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్ళ సంగతి వేరు, లోటుంటే వాళ్ళు అందరిలాగే వేసుకోవచ్చు.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో 40 ఏళ్ళ లోపువాళ్ళకి పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. ఆ కార్డు ఇంట్లో దేవుడి పటం వెనక పెడితే నాకేం తెలుస్తుంది? చీటీతో పాటు తీసుకురండి.

ఉద్దానంలో మా మావయ్యకి డయాలిసిస్. మాత్రలు మానిపించి ఐరన్ ఎక్కిస్తున్నారెందుకు?

కిడ్నీ జబ్బులో హెప్సిడిన్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది, అందుకని మాత్ర సరిగ్గా పట్టదు. డయాలిసిస్ అప్పుడే ఐరన్ సుక్రోజ్ ఎక్కించి, తోడుగా రక్తం తయారయ్యేలా చేసే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ వేస్తారు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఐరన్ వాయిదా వేస్తారు. కంగారుపడకండి.

ఎన్నాళ్ళు వాడాలి? హెచ్‌బి 12 వచ్చేసింది కదా.

సరిగ్గా పడితే నెలలో కనీసం ఒక పాయింటు పెరగాలి. పెరగలేదంటే టీ సంగతి, నులిపురుగుల సంగతి, నెలసరి సంగతి చూడాలి. కొంకిపురుగులు పేగులో రక్తం తాగుతుంటే పైనుంచి ఎంత ఐరన్ పోసినా చిల్లుకుండే. గర్భిణీలకి ఆల్బెండజోల్ 400 మి.గ్రా. మూడు నెలలు దాటాకే ఇస్తారు. హెచ్‌బి మామూలుకొచ్చాక కూడా నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు వాడాలి.

ఐరన్ ఇంజెక్షన్ మీరిచ్చేయండి, మా ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత వేయించుకుంటాం.

నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. ఇవ్వను. కోపంగా పక్క షాపుకి వెళ్ళేముందు ఆయనకి ఒక ఫోన్ చేయమంటాను. సంచిలో అడ్రినలిన్ ఉందా, ఆక్సిజన్ ఉందా, అరగంట పక్కన కూర్చుంటారా అని అడగమంటాను. మొన్న కొండ మీది ఊరి నుంచి వచ్చిన ఒకాయన నా ముందే స్పీకర్‌లో పెట్టి అడిగాడు. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "గోష్ఠి స్వాస్థ్య కేంద్రానికే (సర్కారీ సామాజిక ఆరోగ్య కేంద్రానికే) తీసుకుపో బాబూ" అన్న మాట వినపడింది.